నక్షత్రం పట్టని చెక్క

నేను ఒక చెక్కపలకని. మూరెడు పొడుగు, అంగుళం మందం, ఒంటినిండా పది గుంటలు. గుండ్రం ఒకటి, నలుచదరం ఒకటి, ముక్కోణం ఒకటి, కోడిగుడ్డు ఆకారం ఒకటి, సగం చందమామ ఒకటి, ఇలా తొమ్మిది. పదోది అయిదు కొమ్ముల నక్షత్రం. ఈ గుంటల్లో సరిగ్గా పట్టే చెక్కముక్కలు పది ఉంటాయి. వాటిని మూడు దొంతులుగా పేర్చి, ఎదురుగా ఒక పిల్లనో పిల్లవాడినో కూర్చోబెట్టి, "ఊఁ, తొందరగా సర్దు" అంటారు. పక్కన ఒకాయన గడియారం పట్టుకుని ఉంటారు. పదీ సర్దడానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూసి, ఒక పట్టికలో వేలు పెట్టి, ఈ బిడ్డ తెలివి ఇంత అని తేల్చేస్తారు. ఆ అంకె కాగితం మీద పడుతుంది. కాగితం మీద పడ్డాక దాన్ని దేవుడు కూడా దిద్దలేడు.

ఒక కర్రముక్కకి మనిషి తెలివి కొలిచే అధికారం ఎవరిచ్చారని మీకు అనుమానం రావచ్చు. నాకూ వచ్చింది. తెలివి గురించి మీ పెద్దలు నూరేళ్ళకు పైగా తగువులాడుకుంటున్నారు. తెలివి ఒక్కటేనని ఒకాయన, కాదు ఏడు రకాలని ఇంకొకాయన, నూటయాభై అని మరొకాయన. రక్తంలో వస్తుందని కొందరు, పెంపకంలో వస్తుందని కొందరు. తల చుట్టూ టేపు పెట్టి చెప్పినవాళ్ళు కూడా ఉన్నారు. అదేమిటో ఇప్పటికీ తేలలేదు. కొలవడం మాత్రం ఒక్కరోజు కూడా ఆగలేదు. శేరు పట్టుకున్నవాడు తాను కొలిచేవి బియ్యమో నూకలో ముందు చూసుకుంటాడు. తెలివి కొలిచేవాళ్ళకి అంత పట్టింపు లేదు.

నన్ను చేసింది కనకాచారి గారు. సముద్రం పక్కన ఉన్న ఒక పట్నంలో వడ్రంగి. అక్కడి కాలేజీలో మనస్తత్వశాస్త్రం కొత్తగా పెట్టినప్పుడు ఇంగ్లీషు పుస్తకంలోని నా బొమ్మని తెచ్చి ఆయన చేతిలో పెట్టారు. ఆయనకి ఇంగ్లీషు రాదు, తెలుగు కూడా కూడబలుక్కుని చదివేవారు. బొమ్మ వైపు కాసేపు చూసి, "ఎల్లుండి రండి" అన్నారు. పడగొట్టిన పాత ఇంటి గుమ్మం టేకు ఒకటి ఆయన దగ్గర ఉండేది. నలభై ఏళ్ళు ఎండిన కర్ర. దాన్ని చెక్కి నన్ను చేశారు. పది ముక్కలూ నా గుంటల్లో వేలి కొనతో తాకితే టక్ మని దిగేవి. మధ్యలో నూలుపోగు కూడా దూరేది కాదు. నా గురించి నేను గొప్ప చెప్పుకోకూడదు గానీ, అంత నికార్సయిన పని ఆ కాలేజీలో ఇంకెవరూ చేయలేదు.

నన్ను అప్పగించడానికి వచ్చిన రోజున కనకాచారి గారి తెలివి కూడా కొలిచారు. అప్పుడే ఉద్యోగంలో చేరిన సదాశివమూర్తి గారు, విద్యార్థులకి పరీక్ష ఎలా చేయాలో చూపించడానికి ఎవరైనా దొరుకుతారా అని చూస్తున్నారు. చేతికందిన మనిషి ఈయన.

"ఆవు, గేదె, మేక, కుర్చీ. వీటిలో చేరనిది ఏది?"

"కుర్చీ ఏ కర్రతో చేసిందండీ?"

"కర్ర సంగతి కాదండీ. నాలుగింటిలో చేరనిది ఏదో చెప్పండి."

"కర్ర తెలియకుండా కుర్చీ గురించి ఏం చెప్పమంటారు బాబూ?"

సున్నా వేశారు. ఇలాంటివే పాతిక ప్రశ్నలడిగి, అంతా కూడి, అరవై నాలుగని తేల్చారు. నూరుంటే మామూలు మనిషి, డెబ్బైకి తగ్గితే బుద్ధిమాంద్యం. విద్యార్థులు నోళ్ళకి చేతులు అడ్డం పెట్టుకుని నవ్వారు. ఆ అరవై నాలుగు తెలివిగల మనిషి చేసిన పనిముట్టుతోనే ఆ తరవాత పన్నెండు వేల మంది తెలివి కొలిచారు.

సదాశివమూర్తి గారు చెడ్డవారు కాదు. ఈ ముక్క ముందే చెప్పాలి, లేకపోతే నేను పగబట్టి మాట్లాడుతున్నానని మీరనుకుంటారు. ఆయన ఎవరి దగ్గరా ఏమీ ఆశించేవారు కాదు. పిల్లలంటే ఇష్టమే. అంకెలంటే ఇంకాస్త ఎక్కువ ఇష్టం. అంతే ఆయన తప్పు.

ఏడేళ్ళు నా బతుకు దర్జాగా సాగింది. ఆ తరవాత ఒక హెడ్మాస్టరు గారి అమ్మాయిని పరీక్షకి తెచ్చారు. మహా చురుకైన పిల్ల. పదీ సర్దేసి, సార్ పట్టిక చూస్తూండగా నా నక్షత్రాన్ని పరికిణీ కుచ్చెళ్ళలో దోపుకుని వెళ్ళిపోయింది. ఆ పిల్లకి నూట ఇరవై ఆరు వచ్చింది. నన్నడిగితే ఇంకో పది కలపాల్సింది.

సామాన్లకి జవాబుదారీ అటెండరు గవర్రాజు. నక్షత్రం పోయిందని చెబితే ఎలా పోయిందని మెమో ఇస్తారు. మెమోకన్నా మామిడిచెక్క నయమనుకున్నాడు. ప్రయోగశాలకి గాజుసామాను వచ్చిన మామిడిచెక్క పెట్టె విరగ్గొట్టి, అందులో ఒక పలక తీసి, కోసి, ఆకురాయితో నూరి, నీలం రంగు పూసి కొత్త నక్షత్రం తయారుచేశాడు. అతను వడ్రంగి కాకపోయినా పాపం బాగానే చేశాడు. అది ఫిబ్రవరి నెల. ముక్క చక్కగా పట్టింది. ఎవరికీ అనుమానం రాలేదు.

జూన్‌లో తొలివాన పడ్డాక మామిడి తన గుణం చూపించింది. చెమ్మ పీల్చుకుని నూలుపోగంత లావెక్కింది. నూలుపోగంతే. కానీ గుంట కనకాచారి గారిది, ఆ నూలుపోగుకి చోటు లేదు. పిల్లలు తొమ్మిది ముక్కలూ చకచకా సర్దేసి నక్షత్రం దగ్గర ఆగిపోయేవారు. తిప్పేవారు, నొక్కేవారు, పిడికిలితో గుద్దేవారు. నాలుగు కొమ్ములు దిగితే అయిదోది లేచేది. గడియారం మాత్రం ఆగేది కాదు. నా పట్టికలో పది సెకన్లు ఎక్కువైతే బిడ్డ మనసుకి రెండేళ్ళ వయసు తరిగిపోతుంది. ఆ మనసు వయసుని అసలు వయసుతో భాగించి నూరుతో హెచ్చిస్తే వచ్చేదే తెలివి. ఎనిమిదేళ్ళ పిల్లవాడు నక్షత్రంతో అరనిమిషం కుస్తీపడితే, లేచేసరికి వాడి మనసుకి నాలుగేళ్ళే మిగిలేవి. అంతకన్నా కిందికి పట్టికలో వరస లేదు.

అలా వానాకాలంలో నా ముందు కూర్చున్నవాళ్ళంతా మందమతులయ్యారు, ఎండల్లో కూర్చున్నవాళ్ళంతా చురుకైనవాళ్ళయ్యారు. ఈ తేడా సదాశివమూర్తి గారి కంటపడింది. ఆయన తెలివైనవారు, పడకుండా ఎలా ఉంటుంది? కాకపోతే కారణం కోసం నా వైపు తప్ప అన్ని వైపులకీ చూశారు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఆయన జిల్లా అంతా తిరిగి పిల్లల్ని పరీక్షించేవారు. వానల్లో మెట్ట దారులు బురదై జీపు దిగబడుతుంది కనక ఆ ఊళ్ళని ఫిబ్రవరి, మార్చిల్లో చూసేవారు. డెల్టాలో తారురోడ్లున్నాయి కనక అక్కడికి జులై, ఆగస్టుల్లో వెళ్ళేవారు. ఫలితాలు వరసగా పేర్చి చూసుకుంటే మెట్ట పిల్లల తెలివి నూట పది, డెల్టా పిల్లల తెలివి డెబ్బై ఆరు. ఆయనకి నాలుగు రాత్రులు నిద్ర పట్టలేదట. మనిషి తెలివిని ఏది పెంచుతుందో, ఏది తుంచుతుందో తన చేతికి చిక్కిందనుకున్నారు.

నాలుగు వందల పేజీల గ్రంథం రాశారు. డెల్టావాళ్ళు మూడు పూటలా వరన్నం తిని మగతగా ఉంటారు. కాలవ నీళ్ళలో ఏదో లోపం ఉంది. మేనరికాలు ఎక్కువ. అడక్కుండానే పంట పండించే నేల మనిషి బుర్రని బద్ధకం చేస్తుంది. మెట్టవాడు నీటిచుక్క కోసం ఎత్తులు వేసి వేసి పదునెక్కుతాడు. అన్నిటికీ పట్టికలున్నాయి, గీతలున్నాయి, అడుగున చిన్న అక్షరాలున్నాయి. నాలుగు వందల పేజీల్లో మామిడి అన్న మాట మాత్రం లేదు.

ఆయనకి డాక్టరేటు వచ్చింది. అప్పటినించి డాక్టరు గారయ్యారు. పత్రికలు వేశాయి. మెట్ట నాయకుడొకాయన సభలో ఆ అంకెలు చదివి చప్పట్లు కొట్టించుకున్నాడు. డెల్టా పెద్దలు ఖండిస్తూ ప్రకటనలిచ్చారు, ఇచ్చి ఇంటికెళ్ళి కొందరు తమ పిల్లలకి గుట్టుగా జొన్నసంకటి తినిపించారు. అదంతా విని నేను బీరువాలో పడి నవ్వుకున్నాను. అప్పటికి నవ్వే వచ్చేది.

ఒక శ్రావణమాసంలో డాక్టరు గారు నన్ను ఇంటికి తీసుకెళ్ళి తన మనవణ్ణి నా ముందు కూర్చోబెట్టారు. ఆరేళ్ళవాడు, నిజంగానే చురుకైనవాడు. నక్షత్రం దగ్గర ఇరుక్కుపోయాడు. డెబ్బై ఎనిమిది వచ్చింది. డాక్టరు గారు ఆ కాగితం వైపు చూసి, మనవడి నుదురు తాకి, "వీడికి జలుబు చేసినట్టుంది" అని కాగితం చింపేశారు. తాతగా ఆయన చేసింది సరైన పనే. జలుబు చేసిన మిగతా పిల్లల కాగితాలు మాత్రం చింపేవాళ్ళు లేక ఫైళ్ళలో ఉండిపోయాయి.

ఇక నవ్వు ఆగిపోయిన రోజు గురించి చెబుతాను.

సముద్రానికి కూతవేటు దూరంలో కోనపాలెం అని ఒక పల్లెకారుల ఊరు. ఆ ఊరి బడిలో నూకరత్నం అనే తొమ్మిదేళ్ళ పిల్ల మూడో తరగతి చదువుతోంది. తండ్రి నావలు బాగుచేస్తాడు, తల్లి ధనమ్మది రొయ్యల షెడ్డులో పని. ఈ పిల్లకి ఒక అలవాటు ఉంది. ఏదైనా అడిగితే వెంటనే చెప్పదు. ఆలోచించి చెబుతుంది. బడిలో అంత వ్యవధి ఉండదు కదా, ఆమె నోరు తెరిచేలోపు మాస్టారు పక్క పిల్లని అడిగేవారు. తన బడిలో నూటికి నూరుమందీ పాసయ్యారని చూపించుకోవాలని హెడ్మాస్టరు గారి ఆశ. ఈ పిల్లకి డెబ్బైకి తక్కువ తెలివి ఉందని ఒక కాగితం దొరికితే, పేరు కొట్టేసి, పట్నంలోని మందబుద్ధి పిల్లల వసతి బడికి పంపెయ్యవచ్చు. ఆ వసతి బడికి గౌరవాధ్యక్షులు మన డాక్టరు గారే. తన కూతురు తన ఇంట్లో ఉంటుందా, పట్నంలో ఉంటుందా అన్నది నా మీద ఆధారపడి ఉందని ధనమ్మకి అర్థమైంది. పని మానుకుని వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది.

ఆగస్టు నెల, మూడు రోజులుగా ముసురు. నలభై మంది పిల్లలకి ఒక్క పూటలో పరీక్షలు. నూకరత్నం తొమ్మిదోది.

"ఇవన్నీ వాటి వాటి చోట్ల పెట్టాలి. తొందరగా. ఊఁ."

తొమ్మిది ముక్కలు పదమూడు సెకన్లలో సర్దింది. ఇది నేను చెబుతున్న మాట, కాగితం మీద ఎక్కడా లేదు. పదోది కూడా అయితే గానీ కాగితం ఒప్పుకోదు. నక్షత్రాన్ని ఒక్కసారి నొక్కింది. దిగలేదు. అన్నేళ్ళలో ప్రతి బిడ్డా అక్కడ రెండోసారి ఇంకా గట్టిగా నొక్కింది. నూకరత్నం నొక్కలేదు. చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది.

"నీల్లు తాగిందండి" అంది.

"ఏమిటి?"

"కర్రండి. నీల్లు తాగి ఉబ్బిందండి."

"మాట్లాడకుండా పెట్టమ్మా" అన్నారు డాక్టరు గారు, గడియారం మీంచి చూపు తిప్పకుండా.

ఆ పిల్ల స్టూలు దిగింది. గుమ్మం పక్కన సిమెంటు లేచిపోయి గరుకుగా ఉన్నచోట చతికిలబడి, నక్షత్రం కొమ్ములు ఒక్కొక్కటే నేలకేసి రాయడం మొదలుపెట్టింది. కాసేపు రాయడం, పొట్టు ఊదడం, కన్ను దగ్గరపెట్టి చూడడం, వచ్చి నా గుంటలో ఆనించి మళ్ళీ వెళ్ళడం. నావల దగ్గర పుట్టిన పిల్ల. నీళ్ళలో నానిన కర్ర ఏం చేస్తుందో, దాన్ని ఏం చేయాలో ఆమెకి ఒకరు చెప్పనక్కర్లేదు. రెండు నిమిషాల నలభై సెకన్లు పట్టింది. ఆఖరుసారి వచ్చి నక్షత్రాన్ని నా మీద పెట్టి వేలి కొనతో తాకింది. టక్ మంది.

వానాకాలంలో ఆ చప్పుడు విని నాకు పంతొమ్మిదేళ్ళయింది. నిజం చెబుతున్నాను, ఏడుపొచ్చింది. పన్నెండు వేల మందిలో తప్పు తనలో ఉందా, పరీక్షలో ఉందా అని చూసినది ఆ పిల్ల ఒక్కతే. నాకు నోరుంటే ఆ గది పైకప్పు ఎగిరిపోయేలా అరిచేదాన్ని.

డాక్టరు గారు రాసుకున్నది ఇది: "ఇచ్చిన పని వదిలేసి చెక్కముక్కని నేలకి రాస్తూ కూర్చుంది. ఏకాగ్రత లేదు. సంబంధం లేని మాటలు. మనసు వయసు నాలుగేళ్ళు." నాలుగుని తొమ్మిదితో భాగిస్తే నలభై నాలుగు.

ధనమ్మ లోపలికొచ్చేసింది.

"బాబుగారూ, అది పట్టట్లేదండి. మా పిల్ల అరగదీసి పెట్టిందండి. నే సూత్తానే ఉన్నాను గదండీ."

"ఇది లెక్కప్రకారం చేసిన పరికరం అమ్మా. దేశమంతా ఇదే వాడతారు."

"ఓపాలి మీరే పెట్టి సూడండి బాబూ."

డాక్టరు గారు ఓపికమంతులు. నక్షత్రాన్ని తీసి, మళ్ళీ గుంట మీద పెట్టి వదిలారు. టక్ మని దిగింది.

"చూశావా? ఎంత సులువుగా పడిందో" అన్నారు.

పక్కన హెడ్మాస్టరు గారు తల ఊపారు. నన్ను మోసుకొచ్చిన గవర్రాజు గోడవైపు చూస్తున్నాడు. అతనికి అంతా తెలుసు, మెమో కూడా గుర్తుంది. ఆ పిల్ల నన్ను బాగుచేయడమే ఆ పిల్ల మీద సాక్ష్యమైంది. నేను మిగతా ఏ తప్పైనా ఒప్పుకుంటాను గానీ, ఆ టక్ అనే చప్పుడుని మాత్రం ఇప్పటికీ క్షమించుకోలేను.

"పోనీ ఇంకోపాలి పెట్టనివ్వండి దాన్ని" అంది ధనమ్మ.

పుస్తకంలో ఉన్నది కూడా అదే. మూడుసార్లు చేయించి, తక్కువ సమయం పట్టిన సారిని లెక్కలోకి తీసుకోవాలి. కానీ నలభై మంది ఉన్న రోజుల్లో ఒక్కసారితో సరిపెట్టడం డాక్టరు గారి అలవాటు.

"ఒకసారి చేశాక మళ్ళీ చేస్తే అది తెలివి కాదమ్మా, అలవాటు. భయపడకు. అక్కడ మంచి శిక్షణ ఇస్తారు. ఏడాది తిరిగాక మళ్ళీ పరీక్ష పెడతాం. బాగా వస్తే పంపేస్తాం."

ధనమ్మ ఆ ఆఖరి మాటని కొంగున ముడేసుకుంది. కాగితం మీద వేలిముద్ర వేసింది. ఆ పిల్ల ఇదంతా వింటూ నిలబడింది. ఆలోచిస్తోంది. ఆమె ఆలోచన పూర్తయ్యేసరికి పదో పిల్లవాడు వచ్చి నా ముందు కూర్చున్నాడు.

ఆ పదోవాడి దగ్గరనుంచి నలభయ్యోవాడి దాకా ఒక్కడు కూడా నక్షత్రం దగ్గర ఆగలేదు. పొద్దున మొదటి ఎనిమిది మందీ మందమతులు, తరవాత ముప్ఫై ఒక్కమందీ నూటికి పైమాటే. డాక్టరు గారు ఆశ్చర్యపోయి, "టిఫిను అరిగాక పిల్లల బుర్రలు పనిచేస్తాయి" అని డైరీలో రాసుకున్నారు.

ఆ పైన డెల్టా అంతా తెలివి వరదలై పారింది. ఏ ఊరెళ్ళినా నూట పది, నూట పదిహేను. రెండేళ్ళు ఆ అంకెలు పోగేసి డాక్టరు గారు రెండో గ్రంథం రాశారు. ఒక్క తరంలో డెల్టా తెలివి ముప్ఫై అయిదు పాయింట్లు పెరిగిందనీ, అందుకు అయోడిన్ ఉప్పు, కలర్ టీవీ, తల్లిదండ్రులకి తాను ఇచ్చిన ఉపన్యాసాలు కారణమనీ తేల్చారు. దానికి బంగారు పతకం వచ్చింది. మొదటి గ్రంథం తప్పని ఎవరూ అనలేదు. ఆయన కూడా అనలేదు. రెండూ ఇప్పుడు లైబ్రరీలో పక్కపక్కనే ఉన్నాయి, ఒకదానినొకటి పలకరించుకోకుండా.

ఆ మధ్య కంప్యూటరు పరీక్షలొచ్చి నన్ను కాలేజీ ప్రదర్శనశాలలో గాజు బీరువాలో పెట్టారు. విద్యార్థులు వచ్చి పోతుంటారు. ఒకమ్మాయి మొన్న నన్ను చూసి, పాతకాలం వాళ్ళు ఎంత అమాయకులో అని జాలిపడింది. జేబులోంచి ఫోను తీసి, పది ప్రశ్నలకి జవాబిస్తే తెలివి చెప్పే ఆటలో తనకెంత వచ్చిందో స్నేహితురాలికి చూపించింది.

ఇదంతా తరవాతి మాట. నడుమ ఒక రోజు వదిలేశాను, కావాలనే. అది చెప్పి ఊరుకుంటాను.

నూకరత్నం వసతి బడిలో చేరిన ఏడాదికి, ఇచ్చిన మాట ప్రకారం డాక్టరు గారు నన్ను పట్టుకుని అక్కడికి వెళ్ళారు. ధనమ్మ తెల్లవారుజామున బస్సెక్కి ముందే వచ్చి కూర్చుంది. కూతురి బట్టలు పెట్టుకోవడానికి ఒక ఖాళీ సంచీ కూడా తెచ్చుకుంది. పిల్ల జుట్టు కత్తిరించారు. ఒళ్ళు తగ్గింది. ఈ ఏడాదిలో ఆమెకి ఏం నేర్పారో నాకు తెలియదు గానీ, ఆమె వచ్చాక అక్కడి తలుపులు గడియలు పడుతున్నాయనీ, కుళాయిలు కారడం మానాయనీ వార్డెనమ్మ చెబుతుంటే విన్నాను. ఫైలులో దాన్ని "చేతిపనుల మీద ఆసక్తి" అని రాశారు.

ఈసారి తీరిక ఉంది కనక మూడుసార్లు చేయించారు. పన్నెండు సెకన్లు, పదకొండు, పదకొండు. మనసు వయసు పదమూడు. పిల్ల వయసు పది. నూట ముప్ఫై.

డాక్టరు గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. నిజంగానే ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి.

"ఒక్క ఏడాదిలో ఎనభై ఆరు పాయింట్లు" అన్నారు వార్డెనమ్మతో. "శిక్షణ అంటే ఇదమ్మా. ఇంకో మూడేళ్ళు ఉంచితే ఈ పిల్ల ఎక్కడికి వెళుతుందో చూడండి."

ధనమ్మ లేచి నిలబడింది.

"బాగా వత్తే పంపేత్తామన్నారు గదండీ?"

"బాగా వచ్చింది కాబట్టే ఉంచాలమ్మా. మందు పనిచేస్తుంటే మధ్యలో ఆపుతామా?"

ధనమ్మ సంచీ చేతుల్లో నలుపుతూ కూతురి వైపు చూసింది. నూకరత్నం నా మీదున్న నక్షత్రం వైపు చూస్తోంది. ఎప్పటిలాగే ఆలోచిస్తోంది. ఈసారి పక్కన తొందరపెట్టడానికి ఇంకో పిల్ల లేదు. డాక్టరు గారు అలవాటు కొద్దీ గడియారం నొక్కారు. అరనిమిషం దాటింది. అప్పుడు తల ఎత్తి అడిగింది.

"నలబై నాలుగొచ్చిందని తెచ్చేరండి. నూట ముప్పయ్యొచ్చిందని ఉంచేత్తన్నారండి. ఎంతొత్తే ఇంటికి పంపుతారండి?"

గొంతులో కోపం లేదు, ఏడుపు లేదు. తెలుసుకోవాలని అడిగింది.

డాక్టరు గారు నవ్వబోయి ఆగిపోయారు. ప్రశ్న న్యాయమైనదని ఆయనకి తోచింది. ప్రశ్నకి జవాబు పుస్తకంలో చూడడం ఆయన జీవితమంతా చేసిన పని. పుస్తకం తెరిచి, పట్టిక మీద వేలు పెట్టారు. యాభైకి దిగువన ఉన్నవాళ్ళని ఏమంటారో ఉంది. నూట నలభైకి పైన ఉన్నవాళ్ళని ఏమంటారో ఉంది. మధ్యలో ప్రతి అంకెకీ ఒక పేరుంది. వేలు కిందికి జరుగుతూ చివరిదాకా వెళ్ళింది. మళ్ళీ పైకొచ్చింది. పేజీ తిప్పారు.

"పదవే" అంది ధనమ్మ.

"సంతకాలు కావాలమ్మా, అలా వెళ్ళకూడదు" అంటూ వార్డెనమ్మ డాక్టరు గారి వైపు చూసింది, ఆయన చెబితే ఆపుదామని. ఆయన ఇంకో పేజీ తిప్పుతున్నారు. తలుపు దగ్గర నిలబడ్డ గవర్రాజు ఒక అడుగు పక్కకి జరిగి, తలుపు పూర్తిగా తెరిచి పట్టుకున్నాడు. తల్లీ కూతురూ వానలోకి వెళ్ళిపోయారు. ఖాళీ సంచీ ఖాళీగానే వెళ్ళింది, బట్టలు తెచ్చుకునేదాకా ఆగలేదు.

తరవాతి సంగతి గవర్రాజు ఎవరితోనో చెబుతుండగా కొంచెం విన్నాను. కోనపాలెం బడికి హెడ్మాస్టరు మారాడట. కొత్తాయన ఏ కాగితమూ అడక్కుండా ఆ పిల్లని తరగతిలో కూర్చోబెట్టుకున్నాడట. ప్రశ్న అడిగి, జవాబు వచ్చేదాకా కిటికీలోంచి బయటికి చూస్తూ ఉంటాడట.

డాక్టరు గారు మాత్రం ఆ రోజు చీకటిపడేదాకా పుస్తకం చూసి, మూసేసి, ఫైలు దగ్గరికి లాక్కున్నారు. నూకరత్నం పేరు కింద ఆఖరి వరసలో రాశారు: "పరీక్ష పూర్తికాకుండానే లేచి వెళ్ళిపోయింది. సహకరించలేదు."